ఆట కనిపెట్టినాయన ఓడిన చోట

అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయం మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు వయసు నూట పాతికేళ్లు దాటింది. ఇన్నేళ్లలో దానికి పూర్తిస్థాయి హెడ్ కోచ్‌లుగా పనిచేసినవాళ్లు ఎనిమిది మందే. అందులో ఏడుగురికి గెలుపులు ఎక్కువ, ఓటములు తక్కువ. ఒక్కాయనకి మాత్రం లెక్క తిరగబడింది. 55 గెలుపులు, 60 ఓటములు. ఆయన పేరు జేమ్స్ నైస్మిత్. బాస్కెట్‌బాల్ అనే ఆటని కనిపెట్టింది ఆయనే.

అక్కడ ఈ సంగతి జోకులా చెప్పుకుంటారు. వినగానే మనకీ నవ్వొస్తుంది. కానీ ఆయన ఎందుకు ఓడాడు, ఆయన తర్వాత వచ్చినవాళ్లు ఎలా గెలిచారు, అసలు ఆ కోర్టు మీద అడుగు పెట్టనివ్వనిది ఎవరిని అని ఒక్కొక్కటే తవ్వుకుంటూ పోతే జోకు కాస్తా పెద్ద కథ అవుతుంది. మన క్యాంపస్‌లో సాయంత్రం ఐదింటికి కోర్టు ఎక్కేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో గానీ, తెలుసుకోదగ్గ కథే.

ముందు ఆట పుట్టుక. మన భాషలో చెప్పాలంటే అదొక డిజైన్ ప్రాబ్లం. 1891 చలికాలం, మసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో వైఎంసీఏ వాళ్ల శిక్షణ పాఠశాల. బయట మంచు. ఫుట్‌బాల్ సీజన్ అయిపోయింది. లోపల జిమ్‌లో రోజూ అవే కసరత్తులు చేయించేసరికి ఓ పద్దెనిమిది మంది కుర్రాళ్ల క్లాసు విసిగిపోయి ఏ మాస్టారి మాటా వినడం మానేసింది. అక్కడ పైఅధికారి లూథర్ గులిక్. కెనడా నుంచి వచ్చిన ముప్ఫై ఏళ్ల నైస్మిత్‌ని పిలిచి, నాలుగు గోడల మధ్య ఆడగలిగే కొత్త ఆట ఒకటి కావాలి, పద్నాలుగు రోజుల్లో తయారు చెయ్యి అన్నాడు.

నైస్మిత్ చేసిన పని చూడండి. ఉన్న ఆటలన్నీ తీసుకుని, వాటిలో దెబ్బలు ఎక్కడ తగులుతున్నాయో వెతికాడు. బంతి పట్టుకుని పరిగెత్తితే అవతలివాడు మీదపడి కింద పడేస్తాడు. అయితే బంతి పట్టుకుని పరిగెత్తడమే నిషేధం. గోల్ నిలువుగా ఉంటే బలంకొద్దీ బాదుతారు. అయితే గోల్‌ని పైకెక్కించి, నోరు ఆకాశం వైపు తెరిచి పెడితే బలం పనికిరాదు, మెల్లగా వంపు తిప్పి వెయ్యాల్సిందే. ఈ రెండు నిర్ణయాలతో ఆట సగం తయారైపోయింది. గోల్ కోసం పెట్టెలు కావాలని అక్కడి పనివాణ్ణి అడిగితే అతను పీచ్ పళ్ల బుట్టలు రెండు తెచ్చిచ్చాడు. వాటిని బాల్కనీ కమ్మీకి మేకులతో కొట్టారు. ఆ కమ్మీ నేల నుంచి పది అడుగుల ఎత్తులో ఉంది. ఇవాళ్టికీ ప్రపంచమంతటా రింగు ఎత్తు పది అడుగులే. దాని వెనక ఇంతకు మించిన శాస్త్రం ఏమీ లేదు.

పదమూడు రూల్స్ టైపు చేసి గోడకి అంటించారు. డిసెంబరు 21న తొమ్మిది మంది ఒక పక్క, తొమ్మిది మంది ఇంకో పక్క నిలబడి ఫుట్‌బాల్‌తో ఆడారు. మొత్తం ఆటలో పడింది ఒక్కటే బుట్ట. పడ్డ బంతిని నిచ్చెనెక్కి తీశారు.

నైస్మిత్ ఆ తర్వాత డెన్వర్ వెళ్లి డాక్టరీ చదివి, 1898లో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్నం చేరాడు. విశ్వవిద్యాలయం ఆయన్ని పిలిచింది బాస్కెట్‌బాల్ కోసం కాదు. వ్యాయామ విద్య చూసుకోవాలి, చాపెల్‌లో ప్రార్థనలు నడపాలి, ఇదీ ఉద్యోగం. ఆటని ఆయన తనతో పాటు మోసుకెళ్లాడంతే. 1899 ఫిబ్రవరి 3న మొదటి మ్యాచ్. కాన్సాస్ సిటీ వైఎంసీఏ చేతిలో 16-5తో ఓటమి. అక్కడి నుంచి తొమ్మిది సీజన్లు అలా కిందా మీదా నడిచాయి.

ఆయనకి గెలుపు మీద పెద్ద ధ్యాస లేదు. కొన్ని మ్యాచ్‌లకి ఆయనే రిఫరీగా నిలబడ్డాడు. తన జట్టు ఆడుతుంటే విజిల్ పట్టుకునే కోచ్ ఇవాళ దొరుకుతాడా? ఆట అంటే ఒంటికి కసరత్తు, మనసుకి క్రమశిక్షణ, అంతవరకే ఆయన లెక్క. శిష్యుడు ఫారెస్ట్ అలెన్‌కి వేరే కాలేజీ నుంచి కోచ్‌గా రమ్మని పిలుపొస్తే నైస్మిత్ నవ్వి, ఈ ఆటకి కోచింగ్ ఏంటయ్యా, ఇది ఊరికే ఆడుకునేది అన్నాడట.

ఆ అలెనే 1907లో గురువు చేతిలోంచి జట్టుని అందుకున్నాడు.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పుకోవాలి. అమెరికా వాళ్లు ఊరికే టీమ్ అనరు, ప్రోగ్రామ్ అంటారు. మన దగ్గర కాలేజీ టీమ్ అంటే ఫెస్ట్‌కి పది రోజుల ముందు పీడీ సర్ ట్రయల్స్ పెట్టడం, అప్పు తెచ్చుకున్న జెర్సీలు, ఓడిపోతే బిర్యానీ, గెలిచినా బిర్యానీ. అక్కడ ప్రోగ్రామ్ అంటే ఆటగాళ్లు నాలుగేళ్లకి మారిపోయినా మారకుండా నిలిచేది. కోచ్, అతని కింద అసిస్టెంట్లు, హైస్కూళ్ల చుట్టూ తిరిగి కుర్రాళ్లని వెతికి తెచ్చే పద్ధతి, స్కాలర్‌షిప్పులు, సొంత స్టేడియం, టికెట్ కొనే ఊరు, టీవీ డబ్బు. ఏటా మార్చిలో ఎన్‌సీఏఏ టోర్నమెంట్ జరుగుతుంది. ఇప్పుడు అందులో 68 జట్లు. ఒక్కసారి ఓడితే ఇంటికే. ఆ టోర్నమెంట్ గెలిస్తే జాతీయ విజేత. ఈ యంత్రాంగానికి తొలి రూపం ఇచ్చిన నలుగురైదుగురిలో అలెన్ ఒకడు.

బేస్‌బాల్ అంపైరింగ్ చేసే రోజుల్లో ఓడ కూత లాంటి గొంతుతో అరిచేవాడని ఆయనకి ఫాగ్ అని పేరు పడింది. ఎముకలు సరిచేసే ఆస్టియోపతి వైద్యం చదివాడు. రెండు విడతలుగా, 1907 నుంచి 09 దాకా, మళ్లీ 1919 నుంచి 56 దాకా, కాన్సాస్‌కి కోచ్‌గా ఉండి 590 మ్యాచ్‌లు గెలిపించాడు. 1927లో రూల్స్ కమిటీ వాళ్లు డ్రిబుల్‌ని ఒక్కసారికే పరిమితం చేద్దామని చూశారు. అంటే బంతిని ఒక్కసారి నేలకి కొట్టి వెంటనే పాస్ చేసేయాలి. అలెన్ దేశంలోని కోచ్‌లందరినీ కూడగట్టి, సంఘం పెట్టి, ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకునేదాకా వదల్లేదు. కైరీ ఇర్వింగ్ రీల్స్ చూసి మురిసిపోయేవాళ్లు ఓసారి ఆయన్ని తలుచుకోవచ్చు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ చేరడం వెనక కూడా ఆయన పట్టుదల ఉంది. ముసలి నైస్మిత్‌ని అక్కడికి పంపడానికి కోచ్‌ల సంఘమే చందాలు వసూలు చేసింది. మట్టి కోర్టు మీద, వానలో, బంతి నేలకి కొడితే పైకి లేవని బురదలో ఫైనల్ జరిగింది. అమెరికా 19, కెనడా 8. తన ఆట మీద నైస్మిత్‌కి డబ్బు రాలేదు గానీ ఆ రోజు అక్కడ ఉండగలిగాడు.

మనకి సంగీతంలో గురుపరంపర చెప్పుకునే అలవాటు ఉంది కదా, ఫలానా వారి శిష్యులు, వారి ప్రశిష్యులు అని. కాన్సాస్ కథ అచ్చం అలాగే నడుస్తుంది. నైస్మిత్ శిష్యుడు అలెన్. అలెన్ జట్టులో 1920ల మొదట్లో ఎక్కువగా బెంచీ మీద కూర్చున్న కుర్రాడు అడాల్ఫ్ రప్. అతను కెంటకీ వెళ్లి 876 మ్యాచ్‌లు, నాలుగు జాతీయ టైటిళ్లు గెలిపించాడు. 1952లో అలెన్ జట్టు సెయింట్ జాన్స్ మీద 80-63తో గెలిచి ఎన్‌సీఏఏ విజేత అయినప్పుడు బెంచీ మీద ఇంకో కుర్రాడు ఉన్నాడు, డీన్ స్మిత్. అతను నార్త్ కరోలినాకి కోచ్ అయి 879 మ్యాచ్‌లు గెలిపించాడు. మైఖేల్ జోర్డాన్‌ని తీర్చిదిద్దింది ఆయనే. స్మిత్ దగ్గర ఆడిన లారీ బ్రౌన్, స్మిత్ దగ్గర అసిస్టెంటుగా ఉన్న రాయ్ విలియమ్స్ తర్వాత ఒకరి వెనక ఒకరు కాన్సాస్‌కే కోచ్‌లుగా తిరిగొచ్చారు. బ్రౌన్ దగ్గర ఏడాది పాటు సహాయకుడిగా పనిచేసిన కుర్రాడే ఇప్పటి కోచ్ బిల్ సెల్ఫ్. బెంచీ మీద కూర్చుని నీళ్ల సీసాలు అందించే మిత్రులారా, ఆశ వదులుకోకండి.

ఈ వంశవృక్షాన్ని అమెరికా టీవీలో తెగ చూపిస్తారు. కానీ అందులో ఒక కొమ్మని చాలాకాలం గీయలేదు. నా మట్టుకు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన కొమ్మ అదే.

1933లో జాన్ మెక్లెండన్ అనే నల్లజాతి కుర్రాడు కాన్సాస్‌లో వ్యాయామ విద్య చదవడానికి చేరాడు. ఆట కనిపెట్టినాయన అక్కడే పాఠాలు చెబుతున్నాడని తెలిసి, కొడుకుని అక్కడే చేర్చాలని పట్టుబట్టింది వాళ్ల నాన్న. కుర్రాడు నేరుగా నైస్మిత్ గదికి వెళ్లి, మీరే నా అడ్వైజర్ అని మా నాన్న చెప్పాడండి అన్నాడట. నాన్నలు చెప్పేది ఎప్పుడూ నిజమే అని నవ్వి, ఆయన ఒప్పుకున్నాడట. అప్పటికి నైస్మిత్‌కి డెబ్బై దాటాయి.

చదవొచ్చు. జట్టులో మాత్రం ఆడకూడదు. నల్లవాళ్లకి కాన్సాస్ జట్టులో చోటు లేదు. కోచ్ అలెన్, ఆయన జట్టు, ఆయన రూలు. పైన ఆయన గురించి ఇన్ని మంచి మాటలు రాశాను, ఇది కూడా ఆయన లెక్కలోనే పడాలి. ఈత కొలను సంగతి ఇంకా ఘోరం. ఆ డిగ్రీకి ఈత తప్పనిసరి, కానీ కొలను తెల్లవాళ్లకే. మెక్లెండన్ వెళ్లి దిగాడు. అతను బయటికొచ్చాక కొలనులో నీళ్లన్నీ తోడేశారు. మంచినీళ్ల బావి దగ్గర, హోటల్లో గ్లాసుల దగ్గర మన ఊళ్లలో జరిగినవి తెలిసినవాళ్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. అతను వదల్లేదు. చివరికి ఆ కొలను అందరికీ తెరుచుకుంది. 1936లో వ్యాయామ విద్యలో డిగ్రీ తీసుకుని బయటపడ్డాడు. ఆ విభాగంలో ఆ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి అతనే.

జట్టు తలుపు మూసినా నైస్మిత్ గది తలుపు తెరిచే ఉంది. మెక్లెండన్ తర్వాత చెప్పుకున్నదాని ప్రకారం అక్కడ నేర్చుకున్న పాఠం చిన్నదే. బంతి ఎక్కడుంటే ఆట అక్కడే. ఆ రోజుల్లో అందరూ ఏం చేసేవాళ్లంటే, బంతి పోయిందంటే వెనక్కి నడిచి తమ బుట్ట దగ్గర కాపు కాసేవాళ్లు. బంతి వచ్చిందంటే నింపాదిగా అవతలికి నడిచి, కుదురుకుని, పాస్‌లు మొదలుపెట్టేవాళ్లు. మధ్యలో ఉన్న కోర్టంతా ఖాళీ. ఆట కోర్టు మొత్తానిదైతే మధ్యలో ఖాళీ ఎందుకుండాలి? అవతలివాడు కుదురుకునేలోపే పరిగెత్తి బుట్ట వేసెయ్యాలి, అది ఫాస్ట్ బ్రేక్. అవతలివాడికి బంతి అందిన క్షణం నుంచే కోర్టు పొడుగునా మీదపడాలి, అది ఫుల్ కోర్ట్ ప్రెస్. మనం ఇవాళ బాస్కెట్‌బాల్ అని చూసేదంతా ఈ రెండింటి చుట్టూ తిరిగేదే. వాటిని ఒక పద్ధతిగా మలిచినవాళ్లలో మెక్లెండన్ ముందువరసలో ఉంటాడు.

నార్త్ కరోలినాలో డర్హమ్ అనే ఊళ్లో, నల్లవాళ్ల కోసం పెట్టిన కాలేజీలో కోచ్ అయ్యాడు. అదే ఊళ్లో డ్యూక్ విశ్వవిద్యాలయం ఉంది, అది తెల్లవాళ్లది. 1944లో డ్యూక్ వైద్య కళాశాల జట్టు అంటే చిన్న విషయం కాదు, వేరువేరు కాలేజీల్లో ఆడొచ్చిన గట్టివాళ్లు సైన్యం తరఫున డాక్టరీ చదువుతూ అక్కడ పోగయ్యారు. రెండు జట్లలోనూ ఒకటే ప్రశ్న, ఊళ్లో నిజంగా ఎవరు గొప్ప? కానీ కలిసి ఆడటం అక్కడ చట్టానికీ ఆచారానికీ విరుద్ధం. పట్టుబడితే జైలు, అంతకంటే ఘోరమైనా జరగొచ్చు. అందుకని మార్చి 12, ఆదివారం ఉదయం, ఊరంతా చర్చిలో ఉన్న వేళ, వైద్య విద్యార్థులు అరువు తెచ్చుకున్న కార్లలో చుట్టుదారిన వచ్చారు. జిమ్‌లోకి వెళ్లగానే తలుపులు గడియ వేశారు. ప్రేక్షకులు లేరు. కొంతమంది కుర్రాళ్లు మాత్రం కిటికీలు పట్టుకుని వేలాడి చూశారు.

మొదట్లో ఇద్దరికీ చేతులు వణికాయి. తర్వాత మెక్లెండన్ కుర్రాళ్లు పరుగు అందుకున్నారు. స్కోరు 88-44. సరిగ్గా రెట్టింపు. అది అయ్యాక ఇంకో ఆట కూడా ఆడారు, ఈసారి రెండు జట్లనీ కలిపి, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ చెరోపక్క కలిసి. ఆ తర్వాత ఎవరిదారిన వాళ్లు వెళ్లిపోయారు. 1996లో స్కాట్ ఎల్స్‌వర్త్ అనే చరిత్రకారుడు రాసేదాకా ఆ మ్యాచ్ సంగతి లోకానికి తెలీదు. యాభై రెండేళ్లు!

మెక్లెండన్ తర్వాత టెనెసీలో ఇంకో నల్లజాతి కాలేజీకి వెళ్లి 1957, 58, 59లో వరసగా మూడు ఎన్‌ఏఐఏ జాతీయ టైటిళ్లు గెలిపించాడు. ఎన్‌ఏఐఏ అంటే ఎన్‌సీఏఏ పక్కనే నడిచే, చిన్న కాలేజీల టోర్నమెంట్. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో వరసగా మూడుసార్లు జాతీయ టైటిల్ గెలిపించిన మొదటి కోచ్ ఆయనే.

ఇక కాన్సాస్‌కి తిరిగొద్దాం. అక్కడ తలుపు కొద్దిగా తెరుచుకునేసరికి 1950లు వచ్చాయి. లావాన్స్ స్క్వైర్స్ కాన్సాస్ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు. 1952లో టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నాడు. మూడేళ్ల తర్వాత ఫిలడెల్ఫియా నుంచి ఏడడుగుల ఒక అంగుళం ఎత్తున్న కుర్రాడు దిగాడు. విల్ట్ చాంబర్లిన్. దేశంలోని పెద్ద విశ్వవిద్యాలయాలన్నీ వెంటపడ్డ కుర్రాడు. ఇరవై ఏళ్ల క్రితం మెక్లెండన్‌ని కోర్టు ఎక్కనివ్వని అలెనే ఇప్పుడు విల్ట్ ఇంటికి వెళ్లి వాళ్లమ్మని మెప్పించి తెచ్చుకున్నాడు. మనసు మారిందా, ఎత్తు చూసి ఆశపుట్టిందా అంటే నాకైతే రెండోదే ఎక్కువ అనిపిస్తుంది. ఏదైతేనేం, తలుపైతే తెరుచుకుంది.

అప్పటి రూలు ప్రకారం మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదు. 1955 నవంబరులో జూనియర్లకీ ప్రధాన జట్టుకీ సరదా మ్యాచ్ పెట్టారు. విల్ట్ 42 పాయింట్లు వేశాడు, ఫస్టియర్ వాళ్లు 81-71తో సీనియర్లని ఓడించారు. (మన దగ్గరైతే ఆ రాత్రి హాస్టల్లో ఏమయ్యేదో ఊహించుకోండి.) పాపం అలెన్‌కి ఆ వైభవం దక్కలేదు. డెబ్బై ఏళ్లకి పదవీ విరమణ తప్పనిసరి అన్నారు. విల్ట్ ప్రధాన జట్టులోకి వచ్చేసరికి కోచ్ డిక్ హార్ప్. మొదటి మ్యాచ్‌లోనే విల్ట్ 52 పాయింట్లు, 31 రీబౌండ్లు.

1957 మార్చిలో కాన్సాస్ ఫైనల్‌కి చేరింది. దారిలో డల్లాస్‌లో ఆడిన మ్యాచ్‌లకి నల్ల ఆటగాళ్లున్నారని ఊళ్లో హోటల్ దొరక్క, జట్టంతా ఊరి బయట బస చెయ్యాల్సొచ్చింది. ప్రేక్షకులు బూతులు తిట్టారు, వస్తువులు విసిరారు. కాన్సాస్ సిటీలో ఫైనల్. ఎదుట ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని నార్త్ కరోలినా. ఆట మొదట్లో బంతి పైకి ఎగరేసేటప్పుడు విల్ట్‌కి ఎదురుగా ఎవరిని నిలబెట్టాలి? వాళ్ల కోచ్ ఫ్రాంక్ మెగ్వైర్ ఐదడుగుల పదకొండు అంగుళాల టామీ కెర్న్స్‌ని పంపాడు. ఎలాగూ గెలవం, కనీసం కాస్త తికమక పెడదాం అని. అప్పటికి షాట్ క్లాక్ లేదు, అంటే ఇన్ని సెకన్లలో బుట్ట వైపు విసరాలన్న నియమం లేదు. బంతిని ఎంతసేపైనా అట్టే పెట్టుకోవచ్చు. రెండు జట్లూ అదే చేశాయి. మూడు ఓవర్‌టైమ్‌లు. చివరికి ఆరు సెకన్లుండగా పడ్డ ఫ్రీ త్రోలతో 54-53. ఒక్క పాయింటు.

విల్ట్ ఇంకో ఏడాది ఆడి 1958లో వెళ్లిపోయాడు. తర్వాత ఎన్‌బీఏలో ఒకే మ్యాచ్‌లో వంద పాయింట్లు వేసిన మనిషి, ఆ ఒక్క పాయింటుని నలభై ఏళ్లు మోశాడు. కాన్సాస్ తనని క్షమించదేమో అన్న బెరుకుతో లారెన్స్ వైపు దాదాపు చూడలేదు. 1998 జనవరిలో అతని జెర్సీని పైకప్పుకి వేలాడదీసే రోజున పాత కాలేజీ జాకెట్ తొడుక్కుని వచ్చాడు. మిమ్మల్ని నిరాశపరిచానని ఇన్నాళ్లూ అనుకున్నానని మైకులో చెప్పాడు. పదహారు వేల మంది లేచి నిలబడ్డారు. మరుసటి ఏడాది చనిపోయాడు.

1960లు, 70లు త్వరగా దాటేస్తాను. టెడ్ ఓవెన్స్ పంతొమ్మిదేళ్లు కోచ్‌గా ఉన్నాడు, రెండుసార్లు చివరి నాలుగు జట్లలోకి తీసుకెళ్లాడు, టైటిల్ రాలేదు. 1988లో లారీ బ్రౌన్ జట్టు సీజన్‌లో పదకొండు మ్యాచ్‌లు ఓడి, ఎవరూ లెక్కలోకి తీసుకోని స్థితిలో టోర్నమెంట్‌కి వెళ్లి, ఫైనల్లో ఓక్లహోమాని 83-79తో కొట్టింది. డానీ మానింగ్ ఒక్కడే 31 పాయింట్లు, 18 రీబౌండ్లు. బ్రౌన్ వెంటనే ఎన్‌బీఏకి వెళ్లిపోయాడు. ఆటగాళ్లని రప్పించడంలో నియమాలు తప్పారని ఎన్‌సీఏఏ శిక్ష వేసింది. దాంతో మరుసటి ఏడాది విజేత జట్టుకే టోర్నమెంట్‌లో ఆడే వీల్లేకపోయింది. అలాంటిది అంతకుముందు ఎప్పుడూ జరగలేదు.

ఆ 1988 నుంచే ఇంకో విశేషం మిగిలింది. అలెన్ ఫీల్డ్‌హౌస్ అనే వాళ్ల స్టేడియంలో వేలాడే బ్యానర్. ఈ ఫాగ్‌తో జాగ్రత్త అని వచ్చేవాళ్లని బెదిరించే బ్యానర్. ఫాగ్ అంటే అలెన్ ముద్దుపేరు, పొగమంచు కూడా. డ్యూక్ మ్యాచ్ కోసం హాస్టల్ కుర్రాళ్లు బాత్రూముల్లో ఉండే షవర్ కర్టెన్లు పీకి దాన్ని తయారు చేశారు. 1955లో కట్టిన ఆ స్టేడియంలో ఒకప్పుడు 16,300 మంది పట్టేవాళ్లు. మంచి సీట్ల కోసం విద్యార్థులు గుంపులు కట్టి రోజుల తరబడి వంతులవారీగా కాపలా ఉంటారు. హాజరు పిలిచేటప్పుడు గుంపులో ఒక్కరూ లేకపోతే వరస పోయినట్టే. అవతలి జట్టు పేర్లు చదువుతుంటే అందరూ కాలేజీ పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు నటిస్తారు. ఆ తర్వాత అదే పేపరు చింపి ముక్కలు గాల్లోకి ఎగరేస్తారు. ఇక రాక్ చాక్ జేహాక్ అనే వాళ్ల నినాదం పుట్టింది బాస్కెట్‌బాల్ పుట్టడానికే ముందు, 1886లో. పుట్టించింది కెమిస్ట్రీ ప్రొఫెసర్ బెయిలీ, సైన్స్ క్లబ్బు వాళ్లు. క్యాంపస్ ఉన్న గుట్ట మీది సున్నపురాయి పేరే ఆ రాక్ చాక్. లిటరరీ క్లబ్బు వాళ్లం ఇది చదివి కొంచెం అసూయపడ్డాం.

మ్యాచ్ ఉన్న రోజు ఆ చుట్టుపక్కల ఏ బార్‌లో చూసినా టీవీలో అదే. 2017 ఫిబ్రవరి 22 సాయంత్రం లారెన్స్‌కి కారులో అరగంట దూరంలో ఉన్న ఒలేతా పట్నంలోని ఒక బార్‌లో కూడా అదే. అక్కడ ఆఫీసు అయ్యాక కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒకడు, మా దేశం నుంచి పొండి అంటూ కాల్పులు జరిపాడు. హైదరాబాద్ అబ్బాయి చనిపోయాడు. మ్యాచ్ చూడటానికి వచ్చిన ఇరవై నాలుగేళ్ల తెల్లజాతి కుర్రాడొకడు వాణ్ణి ఆపబోయి తూటా తిన్నాడు, బతికాడు. ఇక్కడ ఆ వార్త చదివిన మనలో చాలామందికి కాన్సాస్ అనే పేరు మొదటిసారి తెలిసింది అలాగే. మన సీనియర్లు చాలామంది అదే అమెరికాలో చదువుకుంటున్నారు. అందుకే ఆ కోర్టులోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు అన్న పాత లెక్క నాకు మరీ పాతగా అనిపించదు.

2003లో రాయ్ విలియమ్స్ గురువు స్మిత్ చోటు నార్త్ కరోలినాకి వెళ్లిపోయాక బిల్ సెల్ఫ్ వచ్చాడు. 2008 ఫైనల్లో రెండు నిమిషాల చిల్లర మిగిలుండగా మెంఫిస్ తొమ్మిది పాయింట్ల ముందుంది. 2.1 సెకన్లుండగా మారియో చామర్స్ వేసిన మూడు పాయింట్ల బుట్టతో స్కోరు సమమై, ఓవర్‌టైమ్‌లో కాన్సాస్ 75-68తో గెలిచింది. 2005 నుంచి 2018 దాకా వరసగా పద్నాలుగేళ్లు లీగ్ టైటిల్. 2022 ఫైనల్లో నార్త్ కరోలినా మీద పదహారు పాయింట్లు వెనకబడి 72-69తో గెలిచారు, ఫైనల్లో అంత వెనక నుంచి ఎవరూ గెలవలేదు. 1957 తెలిసిన ముసలివాళ్లకి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. 2024 నవంబరులో సెల్ఫ్ అలెన్ 590 గెలుపుల రికార్డు దాటాడు. నిజానికి ఇంకా ముందే దాటేవాడు. ఆటగాళ్ల కుటుంబాలకి షూ కంపెనీ డబ్బు వ్యవహారంలో 2023లో తీర్పొచ్చి, 2018 జట్టు గెలుపుల్లోంచి పదిహేను కొట్టేశారు. ఆ ఏడాది చివరి నాలుగులోకి వెళ్లిన ఘనత కూడా పుస్తకంలోంచి తుడిచేశారు. ఊరికే ఆడుకునే ఆట అన్న నైస్మిత్ దీన్ని చూస్తే ఏమనేవాడో!

నైస్మిత్ టైపు చేయించిన ఆ పదమూడు రూల్స్ రెండు కాగితాలు. 2010లో న్యూయార్క్‌లో వేలానికి వస్తే కాన్సాస్‌లో చదువుకున్న డేవిడ్ బూత్ 43 లక్షల డాలర్లకి కొన్నాడు. ఇప్పుడవి స్టేడియం పక్కనే, 2016లో తెరిచిన కొత్త భవనంలో, అద్దం వెనక ఉన్నాయి. ఆ 2016లోనే, నైస్మిత్ పేరు పెట్టుకున్న బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, చనిపోయి పదిహేడేళ్లయిన మెక్లెండన్‌ని రెండోసారి చేర్చుకుంది. 1979లో చేర్చుకున్నప్పుడు ఆటకి సేవ చేసినవాడు అన్న విభాగంలో రాసుకున్నారు. ఈసారి కోచ్ అని రాశారు.